అమరకణ జనని హెన్రియెటా లాక్స్

దానాలలో శరీరదానం మిన్న అని మన పురాణాలు చాటుతాయి. వృత్రాసురుని వధించడానికి వజ్రాయుధం కావలసి వచ్చినప్పుడు దధీచి మహర్షి తన ఎముకలనే సమర్పించాడు. కర్ణుడు పుట్టుకతో వచ్చిన కవచకుండలాలను ఒలిచి ఇచ్చాడు. ఈ కథలను వినేటప్పుడు దాతల త్యాగాన్ని కీర్తిస్తామే గాని, అందులోని మరొక ధర్మాన్ని అంతగా గమనించం. దేవతలు దధీచి ఆశ్రమానికి వెళ్లి తమ అవసరాన్ని విన్నవించుకున్నారు. ఇంద్రుడు మారువేషంలో వచ్చినా కర్ణుని ఎదుట చేయి చాచాడు. అడిగిన తరువాతనే తీసుకున్నారు. ఇచ్చేవారికి తాము ఏమి ఇస్తున్నారో తెలుసు.

ఇరవయ్యో శతాబ్దంలో ఒక నిరుపేద స్త్రీ దేహం నుంచి వైద్యులు చిటికెడు కండను తీసుకున్నారు. ఆ కండలోని కణాలు ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటికీ చేరాయి. పోలియో టీకా పరీక్షలకు తోడ్పడ్డాయి. ఆమెను బలిగొన్న వ్యాధికి మూలమైన వైరస్‌ను పట్టి ఇచ్చాయి. ఆ స్త్రీని మాత్రం ఎవరూ ఒక్కమాట అడగలేదు. ఆమె పేరు హెన్రియెటా లాక్స్. ఆమె జీవితం ముప్పై ఒక్క ఏళ్లకే ముగిసింది. ఆమె కణాల జీవితం నేటికీ ముగియలేదు.

పొగాకు పొలాలలో బాల్యం

హెన్రియెటా 1920 ఆగస్టు 1న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, రోనోక్ పట్టణంలో జన్మించింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు లొరెట్టా ప్లెజెంట్. ఆ పేరు హెన్రియెటాగా ఎలా మారిందో కుటుంబంలో ఎవరికీ గుర్తులేదు. ఆమెకు నాలుగేళ్ల వయసులో తల్లి ఎలైజా పదవ కాన్పులో మరణించింది. అంతమంది పిల్లలను ఒంటరిగా సాకలేక తండ్రి వారిని క్లోవర్ అనే పల్లెకు తీసుకువచ్చి బంధువులకు తలా ఒకరిని అప్పగించాడు. హెన్రియెటా తాత టామీ లాక్స్ పంచన చేరింది. వారు నివసించిన కొయ్యదుంగల ఇల్లు ఒకప్పుడు బానిసల నివాసం. బానిసత్వం చట్టరీత్యా రద్దయి ఆరు దశాబ్దాలు గడచినా నల్లజాతి వారి బతుకులో దాని నీడ తొలగిపోలేదు.

క్లోవర్ ప్రజలకు పొగాకే జీవనాధారం. తెల్లవారకముందే లేచి పశువులకు మేత వేయడం, పొలంలో నారు నాటడం, ఆకు కోయడం, ఎండిన ఆకును కట్టలు కట్టి అంగడికి చేర్చడం ఆ ఇంటి పిల్లల దినచర్య. హెన్రియెటా ఆరవ తరగతితో చదువు మానవలసి వచ్చింది. మన నిజామాబాదు జిల్లాలో ధర్పల్లి, ఆర్మూరు పరిసర గ్రామాల స్త్రీలకు ఈ జీవితం కొత్తది కాదు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో ఆరబోసే శ్రమ వారిది. పొలం పని లేని వేళ చాట ఒడిలో పెట్టుకొని తునికాకులో పొగాకు పోసి బీడీలు చుట్టే శ్రమ కూడా వారిదే. దేశాలు వేరైనా శ్రమించే స్త్రీ బతుకుకు పోలికలు ఉంటాయి. తన ఒంటి బాధను చివరిదాకా దాచుకోవడం ఆ పోలికలలో ఒకటి.

తాత ఇంట్లోనే పెరిగిన బంధువు డేవిడ్ లాక్స్‌తో హెన్రియెటాకు 1941 ఏప్రిల్ 10న వివాహం జరిగింది. అప్పటికే వారికి లారెన్స్ అనే కుమారుడు, ఎల్సీ అనే కుమార్తె ఉన్నారు. పొగాకు సాగు కూటికి చాలని కాలమది. రెండో ప్రపంచయుద్ధం వల్ల ఉక్కు కర్మాగారాలలో పనివారికి గిరాకీ పెరిగింది. ఆ దంపతులు పల్లెను విడిచి మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ నగరానికి చేరువలో ఉన్న టర్నర్ స్టేషన్ అనే కార్మికవాడకు తరలివెళ్లారు. డేవిడ్ ఉక్కు కర్మాగారంలో కుదిరాడు. ఆ తరువాత డేవిడ్ జూనియర్, డెబొరా, జోసెఫ్ పుట్టారు. ఐదుగురు బిడ్డల తల్లి అయిన హెన్రియెటా ఇంటికి వచ్చిన వారికి అన్నం పెట్టనిదే పంపేది కాదని బంధువులు చెప్పుకొనేవారు. పల్లె నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన చుట్టాలకు ఆమె ఇల్లే తొలి మజిలీ. మూర్ఛవ్యాధితో, మాటలు రాక బాధపడే ఎల్సీని వైద్యుల సలహాపై ఆశ్రయశాలలో చేర్పించవలసి రావడం ఆమెను లోలోపల కుంగదీసింది.

వ్యాధి - వైద్యశాల

పొత్తికడుపులో ముడి వంటిది ఏదో ఉన్నట్లు హెన్రియెటా చాలాకాలంగా గుర్తించింది. దగ్గరి బంధువులైన స్త్రీలకు తప్ప ఎవరికీ చెప్పలేదు. 1950లో ఐదవ బిడ్డ పుట్టిన తరువాత అకాల రక్తస్రావం మొదలైంది. 1951 జనవరి 29న భర్త ఆమెను బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. నల్లజాతి పేదలకు ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులు ఆ ప్రాంతంలో అరుదుగా ఉన్న కాలమది. అక్కడ కూడా నల్లవారి వార్డులు వేరు, తాగునీటి కుళాయిలు వేరు.

హోవర్డ్ జోన్స్ అనే స్త్రీవ్యాధుల నిపుణుడు ఆమెను పరీక్షించాడు. గర్భాశయ ముఖద్వారం మీద ఊదారంగులో మెరుస్తున్న కణితి కనిపించింది. తాకితేనే రక్తం కారింది. దాని నుంచి తీసిన ముక్కను పరీక్షించగా అది క్యాన్సర్ అని తేలింది. ఆ కాలపు పద్ధతి ప్రకారం రేడియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని గొట్టాలలో నింపి కణితి దగ్గర ఉంచి చికిత్స చేయాలని నిర్ణయించారు.

ఆమె మత్తులో ఉండగా, రేడియం అమర్చడానికి ముందు, శస్త్రవైద్యుడు రెండు చిన్న కండముక్కలను తీశాడు. ఒకటి కణితి నుంచి, మరొకటి ఆరోగ్యంగా ఉన్న భాగం నుంచి. చికిత్సకు ఈ ముక్కలతో పనిలేదు. అవి పరిశోధన కోసం తీసినవి. అందుకు ఆమె అనుమతి కోరలేదు. రోగి అనుమతి పొందాలనే చట్టమూ అప్పటికి లేదు. ఉచితవైద్యం పొందే పేదవాడు పరిశోధనకు పనికిరావడంలో తప్పేమున్నదనే భావన ఆనాటి వైద్యులలో పలువురికి ఉండేది. చేసేవారికి అది అన్యాయంగా తోచలేదు. అన్యాయం అలవాటుగా మారినప్పుడు కలిగే ప్రమాదం ఇదే.

చావులేని కణాలు

ఆ ముక్కలు అదే ఆసుపత్రిలోని జార్జ్ గై అనే శాస్త్రజ్ఞుని ప్రయోగశాలకు చేరాయి. మానవ కణాలను దేహానికి వెలుపల పెంచాలని గై దంపతులు ఎన్నో ఏళ్లుగా శ్రమిస్తున్నారు. తెచ్చిన కణాలన్నీ కొద్దిరోజులలోనే నశించేవి. సహాయకురాలు మేరీ క్యూబిచెక్ ఈసారి కూడా ఆశలేకుండానే కణితి ముక్కలను పోషకద్రవం గల గాజుగొట్టాలలో ఉంచింది. గొట్టాల మీద రోగి పేరులోని, ఇంటిపేరులోని మొదటి అక్షరాలను కలిపి హీలా అని రాసింది.

ఆరోగ్యకరమైన భాగం నుంచి తీసిన కణాలు కొద్దిరోజులకే నశించాయి. కణితి కణాలు మాత్రం ఇరవైనాలుగు గంటలకు రెట్టింపు కాసాగాయి. గొట్టాలు నిండిపోయాయి. కొత్త గొట్టాలలోకి మార్చితే అవీ నిండిపోయాయి. నేలను తాకిన ప్రతి రక్తబిందువు నుంచి మరొక రాక్షసుడు పుట్టే రక్తబీజుని వృత్తాంతం ఇక్కడ గుర్తుకు రాక మానదు. పురాణంలో ఆ వరం లోకానికి చేటు తెచ్చింది. ఇక్కడ హెన్రియెటాకు చేటు తెచ్చిన లక్షణమే లోకానికి వరమైంది.

గాజుగొట్టంలో జరిగినదే ఆమె దేహంలోనూ జరుగుతున్నది. రేడియం తరువాత ఎక్స్‌రే చికిత్స చేశారు. ఆమె చర్మం కమిలి నల్లబడింది. 1951 ఆగస్టు 8న ఆసుపత్రిలో చేరిన హెన్రియెటా మళ్లీ ఇంటికి రాలేదు. క్యాన్సర్ దేహమంతటా పాకింది. తాను లేకపోతే బిడ్డల గతి ఏమిటన్నదే ఆమె చివరి చింత. 1951 అక్టోబరు 4న ఆమె కన్నుమూసింది. చిన్నకుమారునికి అప్పటికి తల్లి ముఖం గుర్తుండే వయసు కూడా రాలేదు. క్లోవర్‌లో పూర్వికుల శ్మశానంలో తల్లి సమాధి పక్కన ఆమెను పూడ్చిపెట్టారు. సమాధిమీద రాయి వేయించే స్తోమత ఆ కుటుంబానికి లేదు.

లోకానికి కణాలు - కుటుంబానికి చీకటి

జార్జ్ గై ఆ కణాలతో వ్యాపారం చేయలేదు. అడిగిన శాస్త్రజ్ఞులందరికీ ఉచితంగా పంచాడు. పోలియో వ్యాధి పిల్లలను కుంటివారిని చేస్తున్న రోజులవి. జోనస్ సాక్ రూపొందించిన టీకా సామర్థ్యాన్ని పరీక్షించడానికి అపారసంఖ్యలో మానవకణాలు కావలసి వచ్చాయి. టస్కీగీ విద్యాసంస్థలో హీలా కణాలను పెద్దయెత్తున పెంచి దేశమంతటా పంపారు. ఆ పని చేసిన వారిలో నల్లజాతి శాస్త్రజ్ఞులు, సాంకేతిక నిపుణులు ఎక్కువమంది. 1955లో సాక్ టీకా విజయవంతమైంది. అదే ఏడాది ఒకే ఒక హీలా కణం నుంచి అచ్చంగా దానివంటి కణాల సమూహాన్ని థియోడర్ పక్ అనే శాస్త్రజ్ఞుడు పెంచగలిగాడు. 1960లో ఈ కణాలు అంతరిక్షానికీ వెళ్లాయి. మందుల విషప్రభావాన్ని పరీక్షించడానికి, రేడియోధార్మికత కణాలను ఎలా దెబ్బతీస్తుందో తెలుసుకోవడానికి అవి ఆధారమయ్యాయి. క్రమంగా వాటిని పెంచి అమ్మే సంస్థలు వెలిశాయి.

కణాల యజమానురాలి పేరు హెలెన్ లేన్ అని చాలాకాలం ప్రచారంలో ఉండేది. అది లేనివ్యక్తి పేరు. 1971లో ఒక వైద్యపత్రికలో అసలుపేరు వెలువడింది. ఆ సంగతి కూడా ఆమె కుటుంబానికి వెంటనే తెలియలేదు. ఇంతలో ప్రయోగశాలలకు మరొక చిక్కు వచ్చింది. హీలా కణాలు ఎంత బలమైనవంటే, గాలిలోని ధూళి ద్వారా, కడగని చేతుల ద్వారా ఇతర కణాల పాత్రలలో చేరి వాటిని మింగివేసేవి. అనేక ప్రయోగశాలలలోని కణాలు నిజానికి హీలా కణాలేనని 1966లో స్టాన్లీ గార్ట్లర్ నిరూపించాడు. ఏవి హీలా కణాలో గుర్తించాలంటే ఆమె బిడ్డల జన్యులక్షణాలు తెలియాలి.

అందుకై 1973లో పరిశోధకులు లాక్స్ కుటుంబీకుల రక్తం సేకరించారు. తల్లికి వచ్చిన క్యాన్సర్ తమకూ ఉన్నదేమో పరీక్షిస్తున్నారని బిడ్డలు భావించారు. ఫలితాల కోసం ఎదురుచూశారు. తల్లి కణాలు ఇంకా బతికే ఉన్నాయని వారు వినడం కూడా ఆ రోజులలోనే. డెబొరాకు కంటిమీద కునుకు కరువైంది. అమ్మ ఎక్కడో గాజుపాత్రలలో బాధపడుతున్నదా అన్నది ఒక వేదన. ముప్పై ఏళ్లు దాటితే తనకూ అదే వ్యాధి వస్తుందా అన్నది మరొక భయం. ఆమె భయానికి సమాధానం చెప్పగలిగిన శాస్త్రజ్ఞానం అప్పటికి ఇంకా రూపుదిద్దుకోలేదు. చివరకు ఆ సమాధానం దొరికింది ఆమె తల్లి కణాలలోనే.

వైరస్ గుట్టు రట్టు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఏదో అంటువ్యాధి కారణమై ఉంటుందని వైద్యులు చిరకాలంగా అనుమానించారు. 1970వ దశకంలో పలువురి దృష్టి హెర్పిస్ వైరస్ మీద ఉండేది. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ ఆ మాట ఒప్పుకోలేదు. పులిపిర్లు కలిగించే పాపిలోమా వైరస్‌లలోనే దోషం ఉన్నదని ఆయన వాదించాడు. ఏళ్ల తరబడి వెతికి 1983లో 16వ రకం వైరస్‌ను, 1984లో 18వ రకం వైరస్‌ను ఈ క్యాన్సర్ కణితులలో కనుగొన్నాడు. హీలా కణాలను పరిశీలించగా వాటి డిఎన్ఎలో 18వ రకం వైరస్ దాగి ఉన్నది. హెన్రియెటా మరణించి మూడు దశాబ్దాలు గడచిన తరువాత ఆమె మృత్యుకారణం ఆ విధంగా వెల్లడైంది. ఈ పరిశోధనకు జుర్ హౌసెన్ 2008లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

హ్యూమన్ పాపిలోమా వైరస్‌లో రెండు వందలకు పైగా రకాలున్నాయి. వీటిలో పద్నాలుగు వరకు క్యాన్సర్‌కు దారితీయగలవి. 16, 18 రకాలే దాదాపు డెబ్బై శాతం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు కారణం. ఈ వైరస్ లైంగిక సంబంధం ద్వారా వ్యాపిస్తుంది. స్త్రీపురుషులలో అత్యధికులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. జలుబు వలె ఇదీ సర్వసాధారణమైనది కనుక, వ్యాధి వచ్చిన స్త్రీ శీలాన్ని శంకించడం అజ్ఞానం. సోకినవారిలో పదింట తొమ్మిది వంతుల మందికి రెండేళ్ల లోపల దేహంలోని రక్షణశక్తి దానిని తొలగిస్తుంది. ఏ కొద్దిమందిలోనో అది తిష్ఠ వేస్తుంది.

తిష్ఠ వేసిన వైరస్ చేసే పని ఏమిటి? మన కణాలలో విభజనకు పగ్గాలు వేసే ప్రోటీన్లు ఉన్నాయి. పి53 అనేది వాటిలో ఒకటి. డిఎన్ఎ దెబ్బతిన్నప్పుడు కణవిభజనను ఆపి, మరమ్మతు చేయించి, వీలుకాకపోతే ఆ కణమే నశించేటట్లు చేసే కావలివాడు అది. ఆర్‌బి అనేది మరొకటి. సమయం రానిదే కణం విడిపోకుండా అది తలుపు మూసి ఉంచుతుంది. వైరస్ తయారుచేసే ఇ6 అనే ప్రోటీన్ పి53ను నాశనం చేయిస్తుంది. ఇ7 అనే ప్రోటీన్ ఆర్‌బిని నిర్వీర్యం చేస్తుంది. కావలివాడు పోయి, తలుపు తెరుచుకున్న తరువాత కణం అదుపు లేకుండా విభజన చెందుతుంది. ఒక్కొక్క విభజనలో జన్యువులలో ఒక్కొక్క తప్పు చేరుతుంది. వైరస్ సోకిన నాటినుంచి క్యాన్సర్ ఏర్పడడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. హెచ్ఐవి వంటి కారణాలతో రక్షణశక్తి సన్నగిల్లిన వారిలో ఆ గడువు తగ్గిపోతుంది. పొగతాగడం కూడా ప్రమాదాన్ని పెంచుతుంది.

జన్యువుల పాత్ర

డెబొరా ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పుకోవచ్చు. జన్యువులు మారడం వేరు, మారిన జన్యువులు సంతతికి రావడం వేరు. హెన్రియెటా కణితిలోని జన్యువులు మారిపోయాయి. సాధారణ మానవకణంలో 46 క్రోమోజోములుంటే హీలా కణాలలో 76 నుంచి 80 వరకు ఉంటాయి. ఆమె కణాలలో వైరస్ డిఎన్ఎ ఎనిమిదవ క్రోమోజోము మీద, కణాల పెరుగుదలను ప్రేరేపించే మిక్ అనే జన్యువుకు సమీపంలో చొరబడి, ఆ జన్యువు నిరంతరం పనిచేసేటట్లు చేసిందని 2013లో శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఆ క్యాన్సర్ అంత ఉగ్రంగా విజృంభించడానికి ఇదొక కారణమని వారు భావించారు. ఈ మార్పులన్నీ కణితిలో జరిగినవి. బిడ్డలకు సంక్రమించేవి కావు. కణితిలో మారిన ఆ జన్యువులు డెబొరాకు తల్లి నుంచి రాలేదు.

అయితే వంశానికి ఏ పాత్రా లేదని చెప్పడానికి వీలులేదు. ఈ వ్యాధి వచ్చిన స్త్రీల తోబుట్టువులలో, కుమార్తెలలో ప్రమాదం కొంత ఎక్కువగా ఉన్నట్లు పరిశోధనలలో తేలింది. వైరస్‌ను గుర్తించి తరిమివేసే శక్తిని నిర్దేశించే హెచ్ఎల్ఎ అనే జన్యువులు అందరిలో ఒకే విధంగా ఉండకపోవడం అందుకు ఒక హేతువు. విత్తనం పడిన ప్రతిచోటా మొలకెత్తదు. నేల స్వభావం మీద మొలక ఆధారపడుతుంది. ఇక్కడ వైరస్ విత్తనం, వంశపారంపర్యంగా వచ్చిన దేహస్వభావం నేల. విత్తనమే పడకపోతే ఎంతటి నేలలోనూ ఈ కలుపు మొలవడం దాదాపు అసంభవం. ఈ వ్యాధిని నివారించగలమన్న ఆశకు ఆధారం ఇదే.

విత్తనం పడకుండా చేసే సాధనమే టీకా. వైరస్ పైపొరను పోలిన ఖాళీ గుల్లలతో దీనిని తయారుచేస్తారు. లోపల డిఎన్ఎ లేదు కనుక వ్యాధి కలిగించే శక్తి దానికి లేదు. దేహం మాత్రం శత్రువు ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటుంది. 2006లో తొలి టీకాకు అమెరికా అనుమతి లభించింది. పూణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ అనే టీకా 2023లో మనదేశంలో విడుదలైంది. వైరస్ సోకకముందే, అంటే బాల్యం దాటుతున్న వయసులోనే ఇస్తే ఈ టీకా బాగా ఫలిస్తుంది.

ఆలస్యంగా అందిన న్యాయం

2010లో రెబెక్కా స్క్లూట్ రచించిన గ్రంథం ద్వారా హెన్రియెటా కథ లోకానికి విపులంగా తెలిసింది. ఆ గ్రంథరచనకు ఎంతో సహకరించిన డెబొరా అంతకు ముందు ఏడాదే కన్నుమూసింది. 2010లోనే రోలండ్ పటిల్లో అనే వైద్యుడు హెన్రియెటా సమాధికి రాయి వేయించాడు. దాదాపు అరవై ఏళ్లు ఆమె గుర్తులేని మట్టికింద నిద్రించింది.

2013 మార్చిలో ఐరోపా శాస్త్రజ్ఞులు హీలా కణాల సంపూర్ణ జన్యుపటాన్ని ప్రచురించారు. అప్పుడు కూడా కుటుంబాన్ని అడగలేదు. ఆ పటం ద్వారా ఆమె వారసుల జన్యురహస్యాలు కూడా పరుల చేతికి చిక్కుతాయి. కుటుంబం అభ్యంతరం చెప్పగా, అదే ఏడాది ఆగస్టులో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలు వారితో ఒప్పందానికి వచ్చాయి. ఆ పటాన్ని ఉపయోగించాలనుకునేవారు అనుమతి పొందాలి. అనుమతించే సంఘంలో లాక్స్ కుటుంబీకులు ఇద్దరికి స్థానం కల్పించారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెన్రియెటాకు మరణానంతర పురస్కారాన్ని ప్రకటించగా, వృద్ధుడైన పెద్దకుమారుడు లారెన్స్ దానిని అందుకున్నాడు. కణాలను అమ్మి లాభం గడించిందని తాము దావా వేసిన థెర్మో ఫిషర్ సంస్థతో ఆ కుటుంబానికి 2023 ఆగస్టులో రాజీ కుదిరింది. అదే ఏడాది అక్టోబరు 4న, ఆమె వర్ధంతి నాడు, జన్మస్థలమైన రోనోక్‌లో ఆమె కాంస్యవిగ్రహాన్ని ఆవిష్కరించారు. ఒకనాడు బానిసత్వపక్షాన పోరాడిన సేనాని స్మారకం నిలిచిన కూడలి అది. ఇప్పుడు ఆ కూడలికి హెన్రియెటా పేరే ఉన్నది.

మన నేలపై ఇదే ప్రశ్న

అడిగి తీసుకోవడం, చెప్పి చేయడం అనే ధర్మం అమెరికాకే పరిమితమైనది కాదు. 2009 జులైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఈ వైరస్ టీకాను పరిశీలనాత్మకంగా ఇచ్చే కార్యక్రమం ప్రారంభమైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుంచి 14 ఏళ్ల వయసుగల దాదాపు పద్నాలుగు వేలమంది బాలికలకు టీకా వేశారు. వారిలో గిరిజన బాలికలు, వసతిగృహాలలో చదువుకొనేవారు చాలామంది ఉన్నారు. కొందరు బాలికలు మరణించారన్న వార్తలతో ఆందోళన చెలరేగి, 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని నిలిపివేసింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు విచారణ సంఘానికి ఆధారాలు కనబడలేదు. అయితే అంగీకారం తీసుకున్న తీరులో లోపాలు బయటపడ్డాయి. అనేక సందర్భాలలో తల్లిదండ్రులకు బదులు వసతిగృహాల వార్డెన్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా ఆక్షేపించింది.

ఈ ఘటన మనకు రెండు పాఠాలు నేర్పుతుంది. మంచిమందు కూడా చెప్పకుండా ఇస్తే ప్రజల విశ్వాసాన్ని కోల్పోతుంది. విశ్వాసం పోయినచోట మంచిమందు కూడా ప్రాణం నిలపలేదు. ఖమ్మం అనుభవం తరువాత ఏళ్లతరబడి ఈ టీకా పేరు చెబితేనే సందేహించే పరిస్థితి ఏర్పడింది. మరోవైపు వ్యాధి ఆగలేదు. 2022లో మనదేశంలో దాదాపు లక్షా ఇరవైఏడు వేలమంది స్త్రీలకు ఈ క్యాన్సర్ సోకిందని, దాదాపు ఎనభై వేలమంది మరణించారని అంతర్జాతీయ అంచనా. నివారించడానికి వీలున్న వ్యాధితో ఇంతమంది తల్లులు మరణించడం శాస్త్రం ఓటమి కాదు, సమాజం ఓటమి.

హైదరాబాదులో 1955 నుంచి సేవలందిస్తున్న మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ వైద్యశాలకు పల్లెల నుంచి స్త్రీలు వస్తూనే ఉన్నారు. వారిలో పలువురు వ్యాధి ముదిరిన తరువాతనే వస్తారు. తెల్లబట్ట దుర్వాసనతో కనిపించినా, నెలసరికి నెలసరికి నడుమ రక్తం కనిపించినా, నెలసరి ఆగిపోయిన తరువాత మళ్లీ కనిపించినా, నడుమునొప్పి విడవకపోయినా చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. కోతలు కానీ, పసుపు అమ్ముడుపోనీ అని వాయిదా వేస్తారు. క్యాన్సర్‌కు ముందుదశలో ఏ బాధా ఉండదు. ఆ దశను పట్టుకొనే సాధనాలు ఉన్నాయి. గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలను తీసి పరిశీలించే పాప్ పరీక్షను జార్జ్ పాపనికొలౌ రూపొందించాడు. హెన్రియెటా కాలానికి అది పుట్టింది గాని అందరికీ అందలేదు. పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి, తెల్లబడిన భాగాన్ని కంటితో గుర్తించే సులభపరీక్ష మరొకటి. వైరస్‌నే గుర్తించే పరీక్ష ఇంకొకటి. ముప్పై ఏళ్లు దాటిన స్త్రీలందరూ ఏ బాధా లేకపోయినా ఈ పరీక్షలు చేయించుకోవాలి. టీకా వేయించుకున్నవారికీ ఇవి అవసరమే. ముందుదశలో పట్టుబడితే చిన్నచికిత్సతో వ్యాధిని తుదముట్టించవచ్చు.

విద్యార్థులారా! హెన్రియెటాను దాత అని పిలవడానికి మన మనసు ఉవ్విళ్లూరుతుంది. కాని దానం అనేది తెలిసి చేసే పని. తెలియకుండా తీసుకున్నదాన్ని దానమని కీర్తిస్తే, తీసుకున్నవారి బాధ్యత మరుగున పడుతుంది. ఆమెను అడిగి ఉంటే ఇచ్చేదేనేమో. ఇంటికి వచ్చిన వారిని ఆకలితో పంపని స్త్రీ ఆమె. అడగకపోవడం వల్ల ఆమె ఔదార్యానికి నిరూపించుకునే అవకాశమే లేకుండా పోయింది. మీలో కొందరు రేపు వైద్యులవుతారు, దాదులవుతారు, పరిశోధకులవుతారు. ఎదుట ఉన్నది కణాల సముదాయం కాదు, పేరున్న మనిషి అని మరువకండి. మిగిలినవారు కూడా తమ ఇంట్లో నిశ్శబ్దంగా పనిచేసుకుపోయే తల్లిని, అక్కను, చెల్లెలిని ఆరోగ్యం ఎలా ఉన్నదని అడగండి. హెన్రియెటాను అడగవలసిన ప్రశ్నను ఆ రోజు ఎవరూ అడగలేదు. మన ఇళ్లలో అడగవలసిన ప్రశ్నకు ఇంకా సమయం మించిపోలేదు.